నిందలో నిలిచిన స్తుతి
సింహాద్రి నారసింహ శతకం నేర్పే సాహిత్య పరిభాష



2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా తీరాన్ని తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత కొన్నాళ్లకు ఆ ప్రాంతంలోని ఒక గ్రామంలో ప్రవచనం ముగిసి ప్రసాదం పంచుతున్న వేళ ఒక వృద్ధురాలు నా దగ్గరకు వచ్చినది. చేతిలోని ప్రసాదం నోట వేసుకొనకుండానే ఒక మాట అడిగినది. “బాబూ, సెట్లు పడిపోయిననాడు నాను అప్పన్న బాబుని నోటికొచ్చినట్టు తిట్టీసినాను. ఆ పాపం నాకు తగుల్తాదేటి?”

అప్పటికి తోచిన ఊరట మాట చెప్పి ఆమెను పంపినాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆ ప్రశ్నకు సరియైన సమాధానం సింహాద్రి అప్పన్న సన్నిధిలోనే ఒక కవి ఎన్నడో చెప్పియున్నాడని తోచినది. ఆ కవి గోగులపాటి కూర్మనాథకవి. ఆ సమాధానం సింహాద్రి నారసింహ శతకం. అయితే ఆ సమాధానం మనకు వినిపించాలంటే కొన్ని మాటలకు అర్థం తెలియాలి. శతకం, మకుటం, ముక్తకం, సీసం, నిందాస్తుతి, వ్యాజస్తుతి, అధిక్షేపం, ఉపాలంభం. ఇవి పండితుల మాటలని మనం ప్రక్కన పెడుతూ ఉంటాం. నిజానికి ఇవి భక్తుని చేతికి అందవలసిన దీపాలు. నేటి ప్రసంగంలో ఆ మాటలను ఈ ఒక్క శతకానికి అన్వయించి చూద్దాం.

పరిభాష ఎందుకు?

వైద్యుని వద్దకు వెళ్లిన రోగి “నాకు బాగాలేదు” అంటే చాలదు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి అని వైద్యుడు అడుగుతాడు. రోగానికి పేరు తెలిసిన తరువాతనే మందు. సాహిత్యంలో కూడ అంతే. ఒక పద్యం విని “బాగున్నది” అనడం మొదటి మెట్టు. అది ఏ జాతి పద్యం, ఎవరు ఎవరితో అన్న మాట, ఏ భావంతో అన్న మాట అని తెలిసికొనడం రెండవ మెట్టు. పూర్వులు ఈ రెండవ మెట్టు కొరకే పేర్లు ఏర్పరచినారు. పేరు తప్పితే అర్థం తప్పుతుంది. భక్తి సాహిత్యంలో అర్థం తప్పితే భావమే తలక్రిందులవుతుంది. స్తుతిని తిట్టుగా భావించి చెవులు మూసికొనేవారు ఉన్నారు. నిజమైన ఆవేదనను చమత్కారంగా భావించి నవ్వుకొనేవారూ ఉన్నారు. ఇద్దరికీ కవి హృదయం అందదు.

సాహిత్య పరిభాషకు మన ప్రాంతం పరాయిది కాదు. సింహాచల దేవాలయపు ప్రధాన నిర్మాణం గంగరాజుల కాలంలో, 13వ శతాబ్దిలో జరిగినది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంవాడని చెప్పబడే కృష్ణమాచార్యుడు ఆ స్వామి సన్నిధిలోనే సింహగిరి వచనాలను వినిపించినాడు. పద్యం కాదు, మామూలు మాట కాదు, లయ గల గద్యం. తెలుగులో ‘వచనం’ అనే మాటకు ఒక ప్రత్యేకమైన సాహిత్యార్థం ఏర్పడినదంటే అందులో సింహగిరి పాలు చాల ఉన్నది. అదే కొండ క్రింద కొన్ని శతాబ్దాల తరువాత మరొక భక్తుడు మరొక ప్రక్రియను చేపట్టినాడు.

కవి, కాలం

మన మూడు నాలుగు జిల్లాలలో ఏ ఊరికి వెళ్లినా అప్పన్న, అప్పలనరసయ్య, సింహాచలం, కూర్మారావు, ముఖలింగం అనే పేర్లు వినిపిస్తాయి. దేవుని పేరే బిడ్డకు పెట్టుకొనడం ఇక్కడి అలవాటు. గోగులపాటివారి కవికి శ్రీకూర్మ క్షేత్రంలోని కూర్మనాథుని పేరు. ఆయన విజయనగరం పూసపాటి ప్రభువుల కాలంవాడు. సంస్థానం ఆధీనంలోని దేవాలయాల వ్యవహారాలు చూచినవాడని సాహిత్య చరిత్రలు చెబుతున్నవి. మృత్యుంజయ విలాసం వంటి ఇతర రచనలు చేసినప్పటికీ ఆయన పేరు జనం నోట నిలిచినది సింహాద్రి నారసింహ శతకం వలననే.

ఆయన కాలం ప్రశాంతమైన కాలం కాదు. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. శ్రీకాకుళం సర్కారును పాలిస్తున్న ఫౌజుదారు జాఫరాలీ ఖాన్ దానిని అంగీకరించలేదు. పూసపాటి పెదవిజయరామరాజు ఫ్రెంచివారి పక్షం వహించినాడు. జాఫరాలీ నాగపూరు నుండి మరాఠా సైన్యాన్ని రప్పించినాడు. 1754లో ఆ సైన్యం ఈ ప్రాంతాన్ని దోచుకొంటూ సాగినది. మరి మూడేండ్లకే, 1757 జనవరి 24న, బొబ్బిలి కోట కూలినది. సింహాద్రి నారసింహ శతకాన్ని సాహిత్య చరిత్రకారులు 18వ శతాబ్ది మధ్యభాగపు ఈ కల్లోలంతో ముడిపెడతారు.

శతకంలో దండెత్తి వచ్చినవారిని కవి తురుష్కులనే అంటాడు. ఆనాటి కవులు శత్రుసేనను పేర్కొనే రివాజు అది. చరిత్ర చదివినవారికి మాత్రం ఆ సంవత్సరాలలో ఫౌజుదారు సైన్యం, మరాఠా గుర్రపు దండు, ఫ్రెంచి ఫిరంగులు, సంస్థానాల పరస్పర వైరాలు, అన్నీ కలిసి రైతు పంటను, గుడి దీపాన్ని ఆర్పినవని తెలుస్తుంది. కాబట్టి ఈ శతకాన్ని ఒక మతంవారి మీది ద్వేషంగా చదివితే కవికి అన్యాయం చేసినవారమవుతాం. కవి కోపం సైన్యం మీద కన్న స్వామి మీదనే ఎక్కువ. ఈ శతకంలోని విశేషం అదే.

శతకంలో కవి ఊళ్ల పేర్లు చెబుతాడు. పొట్నూరు, భీమసింగి, జామి, చోడవరం మొదలైన చోట్ల గుళ్లకు కలిగిన అపచారాన్ని స్వామికి విన్నవిస్తాడు. పొట్నూరు సామాన్యమైన ఊరు కాదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ విజయానికి గుర్తుగా జయస్తంభం నాటించిన చోటు. ఆ చక్రవర్తి 1516లోను, 1519లోను సింహాచల స్వామిని సేవించినట్లు దేవాలయ శాసనాలు చెబుతున్నవి. భీమసింగి, జామి నేటి విజయనగరం జిల్లాలోనివి. చోడవరం 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. కవి కంటికి ఇవి పురాణంలోని పట్టణాలు కావు. తాను నడిచిన దారిలోని ఊళ్లు. అందుకే ఈ శతకం భక్తి గ్రంథం మాత్రమే కాక చరిత్రకు సాక్ష్యం కూడ అయినది.

శతకం, ముక్తకం, మకుటం

ఇప్పుడు పరిభాషకు వద్దాం. ‘శతం’ అంటే నూరు. నూరు గాని, నూట ఎనిమిది గాని, దానికి కొంచెం అటూ ఇటూ గాని పద్యాలు గల రచన శతకం. తెలుగులో ఈ ప్రక్రియ 12వ శతాబ్దిలో మల్లికార్జున పండితారాధ్యుని శివతత్త్వసారంతో మొదలైనదని అంటారు. పాల్కురికి సోమనాథుని వృషాధిప శతకం, 1242 నాటిదిగా గుర్తించబడిన యథావాక్కుల అన్నమయ్య సర్వేశ్వర శతకం ఆ దారిని స్థిరపరచినవి. రాజాస్థానపు కావ్యానికి కథ కావాలి, అంకితం పుచ్చుకొనే ప్రభువు కావాలి. శతకానికి ఈ రెండూ అక్కరలేదు. భక్తుడు, ఎదుట దేవుడు ఉంటే చాలును. అందుకే అది సామాన్యుని ప్రక్రియ అయినది.

శతకంలోని ప్రతి పద్యం తనంత తాను పూర్తి అయిన పద్యం. ముందు పద్యం తెలియకున్నా, వెనుక పద్యం తెలియకున్నా దాని అర్థానికి లోటు లేదు. అట్టి విడి పద్యాన్ని ‘ముక్తకం’ అంటారు. విడి ముత్యం వంటిది. ముత్యాలను హారంగా కలిపే దారం ‘మకుటం’. ప్రతి పద్యం చివర మరల మరల వచ్చే సంబోధన అది. మకుటం అంటే కిరీటం. కిరీటం తలమీద కదా ఉండేది, పద్యం కాళ్ల దగ్గర ఎందుకు వచ్చినదని ఒక బాలుడు అడిగినాడట. పద్యం స్వామి పాదాల దగ్గర ముగుస్తుంది, భక్తునికి అదే కిరీటమని ఆ బాలునికి చెప్పవచ్చును.

సింహాద్రి నారసింహ శతకంలో మకుటం సింహాద్రి నారసింహుని పిలుపు. ఆ పిలుపులో స్వామికి ఒక విశేషణం కూడ ఉన్నది. శత్రువులను హరించే వేగం గలవాడా అని దాని భావం. ‘వేగం’ అనే భావాన్ని గుర్తుంచుకొనండి. మన ప్రసంగానికి అది కీలకం.

సీసం అనే ఛందస్సు

ఈ శతకం సీస పద్యాలలో ఉన్నది. సీసంలో నాలుగు పెద్ద పాదాలు. ఒక్కొక్క పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. చదివేటప్పుడు ప్రతి పాదం రెండు భాగాలుగా విరుగుతుంది. కాబట్టి వినేవారికి ఎనిమిది అడుగులు వినిపిస్తాయి. ఆ నాలుగు పాదాల తరువాత తేటగీతి గాని, ఆటవెలది గాని వచ్చి చేరాలి. అది లేనిదే సీసం పూర్తి కాదు.

నిత్యజీవితంలో మనం ఫిర్యాదు చేసే తీరును గమనించండి. “అది పోయినది, ఇది పోయినది, వాడు ఇట్లా చేసినాడు, వీడు అట్లా అన్నాడు” అని ఒక్కొక్కటే చెప్పుకొంటూ పోతాం. చివరకు “ఇక నీవే దిక్కు” అని ఆగుతాం. సీసం ఎనిమిది అడుగులలో ఆ వరుసకు కావలసినంత చోటు ఉన్నది. తేటగీతిలో ఆగడానికి చోటు ఉన్నది. కూర్మనాథకవి తన ఆవేదనకు ఈ ఛందస్సును ఎన్నుకొనడంలో ఔచిత్యం ఇదే. సీసపాదాలలో నిష్ఠురం పేరుకొంటూ వస్తుంది. తేటగీతి చివరి పాదంలో మకుటం వచ్చి స్వామిని పిలుస్తుంది.

నింద ఎక్కడ, స్తుతి ఎక్కడ?

ఇప్పుడు అసలు మాట. ఈ శతకాన్ని పెద్దలు ‘నిందాస్తుతి’ అంటారు. అంటే నింద ద్వారా చేసే స్తుతి. దీనినే చాలమంది ‘వ్యాజస్తుతి’ అని కూడ అంటూ ఉంటారు. రెండూ ఒకటేనా? ఇక్కడ కొంచెం నిలిచి చూడాలి.

వ్యాజస్తుతి ఒక అలంకారం. వ్యాజం అంటే నెపం, మిష. పైకి నిందవలె కనిపించి లోన స్తుతి అయినా, పైకి స్తుతివలె కనిపించి లోన నింద అయినా దానిని వ్యాజస్తుతి అని ఆలంకారికులు చెప్పినారు. మన స్వామి మీదనే ఒక ఉదాహరణ కల్పించుకొందాం. “ఏడాదికి ఒక్కనాడు తప్ప నిజరూపం చూపని నీవు ఏపాటి దయగల దేవుడవయ్యా?” అని ఒక భక్తుడు అడిగినాడనుకొనండి. వైశాఖ శుద్ధ తదియనాడు తప్ప స్వామి చందనం వీడడని మనకు తెలుసు. తన ఉగ్రతేజస్సును మనం భరించలేమని చందనంలో దాచుకొన్న దయామయుడు ఆయన. కాబట్టి పై మాట నిందవలె ఉన్నా, లోన దయనే పొగడుతున్నది. అడిగినవాని మనస్సులో నొప్పి లేదు. చిరునవ్వు ఉన్నది. ఇది వ్యాజస్తుతి.

మరొక మాట కల్పించుకొందాం. “ఊరు తగులబడుతుంటే చందనం పూసికొని చల్లగా కూర్చున్నావేమయ్యా?” ఈ మాటలో చిరునవ్వు లేదు. అడిగినవాని ఇల్లు నిజంగానే తగులబడుతున్నది. ఇక్కడ నింద నెపం కాదు, నిజం. దీనిని వ్యాజస్తుతి అనడం సరికాదు. కూర్మనాథకవి శతకంలో సేనలు కొండ వైపు వస్తున్న సమయపు పద్యాలు ఈ రెండవ జాతికి చెందినవి. వాటిని అలంకారంగా మాత్రమే చూస్తే ఆ కవి కన్నీటిని చమత్కారంగా మార్చినవారమవుతాం.

మరి నిందే నిజమైతే స్తుతి ఎక్కడ ఉన్నది? మకుటంలో ఉన్నది. “ఇంత జరుగుతుంటే ఆలస్యమేల?” అని సీసం అడుగుతుంది. “శత్రువులను హరించే వేగం గలవాడా!” అని మకుటం పిలుస్తుంది. వేగం లేనివానిని ఆలస్యమేల అని ఎవరూ అడుగరు. శక్తి లేనివానిని ఎందుకు కాపాడలేదని ఎవరూ నిలదీయరు. నిలదీయడంలోనే నమ్మకం ఉన్నది. ఎంత నిష్ఠురమాడినా ప్రతి పద్యాన్నీ కవి ఆ నమ్మకం దగ్గరకే తెచ్చి ఆపినాడు. మకుటం అనే మాట అర్థం కానివానికి ఈ శతకం తిట్ల చిట్టా. అర్థమైనవానికి నూరుమార్లు చేసిన శరణాగతి.

అధిక్షేపం, ఉపాలంభం

కొందరు విమర్శకులు ఈ శతకాన్ని అధిక్షేప శతకాల వరుసలో చేరుస్తారు. అధిక్షేపం అంటే ఆక్షేపించడం, తప్పు పట్టడం. లోకంలోని లోభులను, దొంగ గురువులను, దుష్టప్రభువులను ఎత్తిపొడిచే శతకాలు తెలుగులో అనేకం కలవు. అక్కడ కవి పైన నిలుస్తాడు, తప్పు చేసినవాడు క్రింద ఉంటాడు. కూర్మనాథకవి స్వామిని ఆక్షేపించినప్పటికీ పైన నిలువలేదు. పాదాల దగ్గర నిలిచి, పాదాలు పట్టుకొని అడిగినాడు. కాబట్టి అధిక్షేపం అనే మాట ఇక్కడ సగమే అతుకుతుంది.

పూర్తిగా అతికే మాట ఒకటి సంస్కృతంలో ఉన్నది. అది ‘ఉపాలంభం’. తనవాడైన వానిని, అతని మీద హక్కు గల వ్యక్తి నిష్ఠురమాడడం ఉపాలంభం. పరాయివానిని ఉపాలంభించలేం. భాగవతం దశమస్కంధంలో ఉద్ధవుడు వ్రేపల్లెకు వచ్చినప్పుడు గోపిక ఒక తుమ్మెదను నెపంగా పెట్టుకొని కృష్ణుని ఆడిపోసికొంటుంది. మోసగాడంటుంది, కృతఘ్నుడంటుంది. పోతన తెనిగించిన ఆ భ్రమరగీతాలను మనం తిట్లని అనుకొంటున్నామా? భక్తికి పరాకాష్ఠ అని చేతులు జోడిస్తున్నాం. ఆ మాటలు విన్న ఉద్ధవుడంతటి జ్ఞాని గోపికల పాదధూళిని కోరుకొన్నాడు.

తిట్టుకు, ఉపాలంభానికి భేదం ఒక్కటే. తిట్టు బంధాన్ని తెంపుతుంది. తిట్టినవాడు ముఖం త్రిప్పుకొని పోతాడు. ఉపాలంభం బంధాన్ని బిగిస్తుంది. నిష్ఠురమాడినవాడు జవాబు కోసం అక్కడే నిలుచుంటాడు. తల్లి కొంగు పట్టుకొని ఏడుస్తూ తల్లినే కొట్టే బిడ్డను చూడండి. కొడుతున్న చేయి ఒకటి, కొంగు పట్టుకొన్న చేయి మరొకటి. సీసంలోని నింద కొట్టే చేయి. మకుటం కొంగు పట్టుకొన్న చేయి.

ఇదే దారిలో మరికొందరు

ఈ దారిలో నడిచినవాడు కూర్మనాథకవి ఒక్కడే కాడు. 17వ శతాబ్దిలో భద్రాచల రామదాసు గోలకొండ చెరసాలలో స్వామికి తాను చేయించిన నగలు లెక్కపెట్టి నిష్ఠురమాడిన కీర్తన మీకు తెలిసినదే. దెబ్బల బాధకు అట్లా అన్నానని ఆ కీర్తనలోనే మన్నింపు కోరినాడు. నింద, శరణాగతి ఒక్క పాటలోనే ఉన్నవి. ధంసా దండయాత్ర వలన భద్రగిరి రాముడు కొండ విడిచి తరలవలసి వచ్చినప్పుడు భల్లా పేరయకవి భద్రగిరి శతకం చెప్పినాడు. తిరుమల మీదికి సేనలు వచ్చిన బాధతో పుట్టినది వేంకటాచల విహార శతకం. దాని కర్త పేరు కూడ నిలువలేదు, ఆవేదన మాత్రం నిలిచినది. సింహాద్రి, భద్రాద్రి, వేంకటాద్రి, ఈ మూడు కొండల శతకాలను కలిపి చదివితే ఆనాటి భక్తుని గుండె చప్పుడు వినిపిస్తుంది.

వీటికి భిన్నమైనది కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం. అందులో నిందాస్తుతి ప్రధానంగా వ్యాజస్తుతి రూపంలో సాగుతుంది. స్వామి లీలలనే తప్పులుగా చూపి ఆయన మహిమను చాటే చాతుర్యం అది. ఆ శతకం శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు మీద చెప్పినది. పేరు చూచి మన శ్రీకాకుళమని పొరబడేవారు కలరు. అది కృష్ణానది ఒడ్డున ఘంటసాల దగ్గర ఉన్న శ్రీకాకుళం, నాగావళి ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం కాదు. ఒక పేరు గల రెండు ఊళ్లను కలిపివేయరాదు. అట్లే నిందాస్తుతి అనే ఒకే పేరు క్రింద ఉన్న రెండు భావాలను కూడ కలిపివేయరాదు. ఆంధ్రనాయక శతకంలో నింద తెర, తొలగిస్తే స్తుతి కనిపిస్తుంది. సింహాద్రి నారసింహ శతకంలో నింద గాయం, స్తుతి ఆ గాయానికి భక్తుడు కోరే మందు.

ఐతిహ్యం అనే మాట

కవి ఈ పద్యాలు చెబుతుండగానే కొండ మీదినుండి గండుతుమ్మెదల గుంపులు లేచి సేనలను తరిమినవని, అంతట కవి నిష్ఠురం మాని స్వామిని కొనియాడినాడని పెద్దలు చెబుతూ వస్తున్నారు. దీనిని ‘ఐతిహ్యం’ అంటారు. “ఇట్లా జరిగినదట” అని తరతరాలుగా చెప్పుకొనే మాట అని దాని అర్థం. పౌరాణికులు ఐతిహ్యాన్ని కూడ ప్రమాణాలలో ఒకటిగా లెక్కించినారు. శాసనం ఇచ్చే సాక్ష్యం వేరు, ఐతిహ్యం ఇచ్చే సాక్ష్యం వేరు. శాసనం ఏ సంవత్సరంలో ఏమి జరిగినదో చెబుతుంది. ఐతిహ్యం జనం దేనిని నమ్మి బ్రతికినారో చెబుతుంది. ఈ కథలో జనం నమ్మినది ఏమిటి? భక్తుని నిష్ఠురానికి స్వామి కోపగించలేదని, కదిలివచ్చినాడని. నిందించిన కవిని శిక్షించడానికి కాదు, అతని మాట చెల్లించడానికి తుమ్మెదలు వచ్చినవని. మన పూర్వులు ఉపాలంభం అనే మాట వాడకపోయినా దాని తత్త్వాన్ని ఈ కథలో దాచి మనకు అప్పగించినారు.

ఒక్క పద్యం చాలదు

శతక పద్యం ముక్తకమని ముందు చెప్పుకొన్నాం. అది దాని బలం, ప్రమాదం కూడ. విడిగా నిలుస్తుంది కాబట్టి విడిగా వాడుకొనవచ్చును. ఒక నిష్ఠురపు పద్యాన్ని మాత్రం వేరుచేసి చదివి, “చూచినారా, కవి దేవుని ఎట్లా అన్నాడో” అని హేళన చేసేవారు ఉంటారు. “ఇట్టి పద్యాలు ఇంట చదువరాదు” అని భయపడేవారూ ఉంటారు. ఇద్దరూ శతకాన్ని చివరిదాకా చదివినవారు కారు. ముత్యం విడిగా ప్రకాశించవచ్చును గాని, హారం అందం హారానిదే. నిష్ఠురంతో సాగి స్తుతితో ముగిసే ఈ శతకపు నడకను మొదటినుండి చివరిదాకా చదివినవారే అనుభవించగలరు.

పూర్వం చదువురాని వారికి కూడ ఇట్టి భేదాలు తెలిసేవి. పుస్తకాలు చూచి కాదు, హరికథలు విని. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మన ప్రాంతంవారే. 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో జన్మించి, 1883లో ధ్రువచరిత్రతో హరికథారంగంలో అడుగుపెట్టి, 1919లో విజయనగరంలో నెలకొల్పిన విజయరామ గానపాఠశాలకు తొలి అధ్యక్షులై, 1945లో పరమపదించినారు. హరికథలో పద్యం వస్తుంది, కీర్తన వస్తుంది, ద్విపద వస్తుంది, నడుమ వచనం వస్తుంది. దాసుగారు చిడతలు ఆపి పద్యానికి అర్థం చెప్పి మరల కథలోకి వెళ్తారు. రాత్రి తెల్లవార్లు కూర్చున్న రైతుకు ఇది కీర్తన, ఇది ద్విపద అని చెవికే తెలిసిపోయేది. ఆ వినికిడి తగ్గిన మన కాలంలో ఆ పని ఇట్టి చిన్న పొత్తాలు, ప్రవచనాలు చేయవలసి ఉన్నది.

మనం చేయవలసినది

ఇంట శతకం చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనండి. ఒకటి, ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? భక్తుడు దేవునితోనా, కవి లోకంతోనా? దీనివలన అధిక్షేపమో, ఉపాలంభమో తేలుతుంది. రెండు, నింద నెపమా, నిజమా? దీనివలన వ్యాజస్తుతి అవునో కాదో తేలుతుంది. మూడు, మకుటం ఏ గుణంతో స్వామిని పిలుస్తున్నది? పద్యంలోని నిష్ఠురానికి ఆ గుణానికి సంబంధం ఏమిటి? నాలుగు, శతకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకొన్న బాలుడు శతకాన్ని బట్టీయం పట్టిన బాలుని కన్న స్వామికి దగ్గరగా ఉంటాడు.

ఇక ఆ వృద్ధురాలి ప్రశ్న. ఆమెకు నేను అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు ఈ పొత్తం ద్వారా చెప్పుకొంటున్నాను. అమ్మా, తాతల నాడు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో కూలితే నీవు వేరెవరినీ అడుగలేదు. అప్పన్ననే అడిగినావు. ఆయనకు శక్తి ఉన్నదని నమ్మినావు కాబట్టి అడిగినావు. తిట్టి ఊరుకొనలేదు. మరల గుడి అరుగు మీదికి వచ్చి ప్రసాదానికి చేయి చాచినావు. కొట్టిన చేయి ఒకటైతే కొంగు పట్టుకొన్న చేయి ఇది. నీ మాటకు శాస్త్రంలో పాపమని పేరు లేదు. ఉపాలంభమని పేరు. నీవు పలికినది సీసం కాకపోవచ్చును, ఛందస్సు ఉండకపోవచ్చును. కాని చివర “అప్పన్న బాబూ” అని పిలిచే ఉంటావు కదా, అదే నీ మకుటం.

చేతిలోని ప్రసాదం కళ్లకద్దుకొని స్వీకరించు తల్లీ. స్వామి నీ మాట విన్నాడు.

స్వస్తి.